తగిన కాలమందు విడిచిన నీరు



గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడే పులస సముద్రము నుండి ఎదురీదుతూ వస్తుందని మన గోదావరి జిల్లాల వారికి వేరే చెప్పనక్కరలేదు. చేపకు నీరు ఉంటే చాలదు, ఆ నీరు తగిన కాలములో రావాలి. ఈ సంగతిని ఈ దినము దూరదేశపు నది ఒకదానిని చూచి నేర్చుకుందాము.

అమెరికాలోని యూటా రాష్ట్రములో, కొలరాడో నదికి ఉపనదియైన గ్రీన్ నదిమీద, 1964లో ఫ్లేమింగ్ గార్జ్ అనే డ్యాము పూర్తయినది. నీరు నిలువచేయుట పాపము కాదు ప్రియులారా. కరవు రాకముందు యోసేపు ధాన్యము కూర్చలేదా? అయితే అక్కడ ఒక తప్పు జరిగినది. జలాశయములో ట్రౌట్ చేపలు పెంచాలని, 1962లో సుమారు 700 కిలోమీటర్ల మేర ఆ నదిలోను దాని ఉపనదులలోను విషపు మందు కలిపి, అక్కడ పుట్టి పెరిగిన చేపలను పనికిరానివని చంపివేశారు. ఆదికాండము 1వ అధ్యాయము 22వ వచనము చూడండి. బైబిలులో మొదటి ఆశీర్వాదము దొరికినది మనిషికి కాదు, నీటిలోని జీవులకును పక్షులకును. దేవుడు దీవించినదానిని మనిషి పనికిరానిదన్నాడు.

ఆ చేపలలో రేజర్‌బ్యాక్ సక్కర్ ఒకటి. మంచు కరిగి నది పొంగే వసంతకాలములో అది గుడ్లు పెడుతుంది. సెంటీమీటరు పొడవుండే పిల్లలు ప్రవాహములో కొట్టుకొనిపోయి, వరద నిండిన ఒడ్డు మడుగులు చేరి, అక్కడి వెచ్చని నీటిలో మేత తిని పెరుగుతాయి. డ్యాము ఆ పొంగును తగ్గించివేసినది. 1991లో ఈ చేపను అంతరించిపోయే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చారు.

తరువాత అధికారులు వసంతములో ఎక్కువ నీరు వదలసాగారు. దిగువన కలిసే యాంపా నది పొంగే రోజులకు సరిపెట్టి వదిలారు. ఆలోచన మంచిదే. అయినా ఆ పొంగు తీసిన తరువాతనే పిల్లలు బయటికి వచ్చేవి. అప్పటికి మడుగుల దారి మూసుకొనిపోయేది. నీరిచ్చారు గాని సమయము తప్పింది.

అందుచేత 2012 నుండి పద్ధతి మార్చారు. రాత్రివేళ నదిలో దీపపు బోనులు పెట్టి చూస్తారు. చేపపిల్లలు కనబడగానే డ్యాముకు కబురు వెళ్తుంది, అప్పుడు నీరు పెంచుతారు. 502 అడుగుల డ్యాము సెంటీమీటరు పిల్ల కొరకు కనిపెట్టుచున్నది! 2013లో స్టీవార్ట్ లేక్ అనే మడుగులో ఆ పిల్లలు వందలకొద్దీ పెరిగి కనబడినవి.

ఇది తేలిక పని కాదు. టర్బైన్లు పట్టగలిగినదానికి మించి వదిలిన నీరు కరెంటు ఇవ్వదు. కరవు ఏండ్లలో అందరికీ నీరు చాలదు. 2022లో దిగువనున్న లేక్ పావెల్‌ను నిలబెట్టుటకు ఇదే జలాశయము నుండి అదనపు నీరు పంపవలసి వచ్చినది. చేపపిల్లలను మింగే పరాయి చేపలును ఉన్నవి. అయినా విషము కలిపిన నదిలోనే నేడు పిల్లలకొరకు ఎదురుచూస్తున్నారు. మారుమనస్సు అంటే నాకు ఇదే గుర్తుకు వస్తుంది.

ఒక మాట ఒప్పుకొంటాను. మా సంఘములో ఒక విధవరాలు జూన్ నెలలో కుమార్తె ఫీజు కొరకు సహాయము అడిగినది. కమిటీ కూడాలి అన్నాను. ఆగస్టులో డబ్బిచ్చాము. అప్పటికే ఆ బిడ్డ బడి మాని పత్తి చేలో కూలికి వెళ్తున్నది. మేమూ ఇచ్చాము గాని సమయము తప్పింది.

ప్రియులారా, మీ చేతిలో ఏ గేటు ఉన్నది? కాలువ చివరి రైతుకు చేరవలసిన నీరా? పనివానికి ఇయ్యవలసిన కూలియా? ఎంత ఇవ్వాలి అని మాత్రమే కాదు, అవతలివారికి అది ఎప్పుడు కావాలి అని అడగండి. సామెతలు 3వ అధ్యాయము 28వ వచనము ఈ రాత్రి కుటుంబ ప్రార్థనలో చదువుకొనండి. రేపు తెల్లవారినప్పుడు చేయవలసిన పని మీకే తెలియును.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమేన్.