నేలలో కాళ్లు పెట్టి నేసినవాళ్లు



సోలాపూర్‌లోని మన పేట పేరు రోజూ పలుకుతాం గానీ, ఆగి వినం. జోడ్‌భావి. అంటే జంట బావి. ఒక మరాఠీ మాట, ఒక కన్నడ మాట, వాటి చుట్టూ తెలుగు ఇళ్లు. మా నాయనమ్మ చేద వేసేముందు బావిగట్టు తాకి కళ్లకద్దుకునేది. "చెప్పకుండ తోడుకుంటె దొంగతనమేరా" అనేది.

ఈ మాట సైబీరియాలో లేనా నది ఒడ్డున ఉండే సఖా ప్రజలకు చెబితే వెంటనే తలూపుతారు. వాళ్ల దృష్టిలో చెట్టుకూ నదికీ పొయ్యిలో నిప్పుకూ ఒక్కో 'ఇచ్చి' ఉంటుంది. దాన్ని ఏలే ప్రాణం అనుకోండి. ఇసియాఖ్ అనే వేసవి పండుగలో గుర్రపుపాలు పులియబెట్టిన కుమిస్‌ను నిప్పు మీదా నేల మీదా చిలకరిస్తారు. మన చెవికి 'ఇచ్చి' అంటే ఇవ్వడమే వినిపిస్తుంది. కాకతాళీయమే, అయినా నాకు నచ్చింది.

సోలాపూర్‌కు 1860లో రైలొచ్చింది, 1877లో నూలు మిల్లు వచ్చింది. ఆ రోజుల్లోనే ధాత నామ సంవత్సరపు కరువు దక్కన్‌ను కాల్చేసింది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి పద్మశాలీలు దశాబ్దాల పాటు వస్తూనే ఉన్నారు. వేపచెట్టు కింది పోచమ్మనూ ఊరిచెరువునూ మోసుకురాలేరు కదా! చేతుల్లో ఉన్నది నేత. చేనేత ఇంట్లో ముందు చేసే పని నేల తవ్వడం.

గుంట మగ్గం చూడని పిల్లల కోసం చెబుతున్నాను. నేతగాడు నేలమీద కూర్చుని కాళ్లు గుంటలో పెడతాడు. మట్టిచెమ్మ పడుగును మెత్తగా ఉంచుతుంది, ఎండాకాలం దారం పుటుక్కున తెగదు. వీధిలో పడుగు చాపి కుంచెతో గంజి పట్టించే పొద్దున గాలినీ మబ్బునూ అడిగి గానీ పని మొదలుపెట్టరు. దారం మోసే నాడెకు కాలు తగిలితే కళ్లకద్దుకుంటారు. దసరాకు మగ్గానికి బొట్టుపెట్టి విశ్రాంతినిస్తారు. ఇదంతా మూఢనమ్మకమని కొట్టిపారేసిన చదువుకున్నవాళ్లలో చాలా ఏళ్లు నేనూ ఒకణ్ణి. ఇప్పుడనను. ఇది బాకీ తీర్చే పద్ధతి.

నీటినీ వస్తువునూ ఇలా గౌరవించడం ఈ ఊరికీ కొత్త కాదు. 12వ శతాబ్దపు శివయోగి సిద్ధరాముడు ఇక్కడ చెరువు తవ్వించాడు. సంక్రాంతి గడ్డా జాతరలో ఆయన యోగదండానికి ఏటా పెళ్లి చేస్తారు, పెళ్లికూతురు కుమ్మరింటి పిల్ల. కర్రకు పెళ్లిచేసే ఊళ్లో మగ్గానికి బొట్టుపెట్టేవాళ్లు పరాయివాళ్లెలా అవుతారు? మన ఆడవాళ్లు బతుకమ్మను సాగనంపడానికి ఇక్కడి నీళ్లనే తమవి చేసుకున్నారు.

తర్వాత సాంచలు, అంటే మరమగ్గాలు, వచ్చాయి. దుప్పట్లూ తువ్వాళ్లూ దేశమంతా వెళ్లాయి. సాంచకు గట్టి గచ్చు కావాలి గనక గుంటలు పూడ్చేశారు. చలికాలం ఆ గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాడెవడూ అయ్యో అనడు, నేనూ అనను. దసరాకు సాంచకూ బొట్టు పడుతోంది. కానీ చెమ్మ ఎక్కణ్ణించి వచ్చేదో చెప్పగలిగిన నోళ్లు తగ్గిపోతున్నాయి.

అందుకే ఒక్క కోరిక. మీ ఇంట్లో గుంట ఏ మూల ఉండేదో, నీళ్లు ఏ బావివో, ఇంటి పెద్దల్ని ఈ రాత్రే అడిగి కాగితం మీద గీసిపెట్టండి.