దాచిపెడితే నయం కాని జబ్బు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఏటా ఈ వేదిక మీద పిల్లల చదువుల గురించే మాట్లాడుతుంటాను. ఈసారి మన ఇళ్లలో ఎవరూ పైకి చెప్పుకోని సంగతి ఎత్తుకుంటున్నాను. మన్నించాలి.

అమెరికాలో స్థిరపడిన మా చెల్లెలు ఆ మధ్య ఫోన్ చేసింది. అక్కడే పుట్టి పెరిగిన మా మేనల్లుడికి రక్షణ శాఖ పనులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. రహస్య పత్రాలు చూడవలసిన పని కాబట్టి ప్రభుత్వం సెక్యూరిటీ క్లియరెన్స్ ఇవ్వాలి. కాలేజీ రోజుల్లో వాడు తాగి కారు నడుపుతూ ఒకసారి పోలీసులకు దొరికాడు. "భాయిజాన్, ఆ సంగతి రాయకపోతే ఏమవుతుంది? మనవాళ్లకు తెలిస్తే తలెత్తుకోలేం" అని ఏడ్చింది.

ఆ నిబంధనలు తెచ్చుకుని చదివాను. 2017 జూన్ నుంచి అమలులో ఉన్నవి మొత్తం 13. అందులో ఏడవది మద్యం గురించి. తాగాడా లేదా అన్నది కాదు వాళ్ల ప్రశ్న. మితిమీరి తాగేవాడికి వివేకం నిలుస్తుందా, మాట మీద నమ్మకం పెట్టుకోవచ్చా అన్నదే ప్రశ్న. తాగి బండి నడపడం, మత్తులో పనికి రావడం, డాక్టరు చెప్పిన చికిత్సను పక్కన పెట్టడం దరఖాస్తుదారుకు ప్రతికూలంగా చూస్తారు.

అదే నిబంధనలో రెండో వైపు కూడా ఉంది. తప్పు ఒప్పుకున్నాడా, కౌన్సెలింగ్‌కు వెళ్లాడా, చికిత్స పూర్తి చేశాడా, ఆ తర్వాత నిలకడగా ఉన్నాడా? ఇవన్నీ అతని పక్షాన నిలుస్తాయి. ఇన్ని నెలలు మానేస్తే చాలు అనే లెక్క ఏదీ లేదు, మనిషిని మొత్తంగా చూస్తారు. కానీ ఫారంలో తెలిసి అబద్ధం రాస్తే అది వేరే నేరం, అయిదేళ్ల దాకా జైలు పడవచ్చు.

మేనల్లుడు ఉన్నది ఉన్నట్టు రాశాడు. కౌన్సెలింగ్ కాగితాలు జతచేశాడు. ఫలితం ఇంకా రాలేదు. రాకపోయినా వాడు దొంగగా మిగలడు.

ఇదంతా ఇక్కడ ఎందుకంటారా? మా పదో తరగతిలో ఒక అమ్మాయి నెల రోజులు బడికి రాలేదు. నాన్నకు షుగర్ అని చెప్పింది. ఇంటికి వెళితే అసలు జబ్బు ఏమిటో తెలిసింది. మద్యం మనకు హరామ్. అందుకే తాగేవాడు దాస్తాడు, ఇంటివాళ్లు ఇంకా గట్టిగా దాస్తారు. దాచినన్నాళ్లూ డాక్టరు గడప తొక్కరు. ఆ అమ్మాయి పరీక్ష ఫీజు మన సంఘమే కట్టింది, కానీ వాళ్ల నాన్నకు మనం ఏమీ చేయలేకపోయాం.

గూఢచారుల రహస్యాలు కాపాడే ప్రభుత్వమే చికిత్సకు వెళ్లినవాడిని మెచ్చుకోలుగా చూస్తుంటే, పక్కింటి సోదరుడిని మనం వెలివేయడం న్యాయమా?

దాతలకు నా విన్నపం ఒక్కటే. మీరిచ్చే సొమ్ములో కొంత డీ-అడిక్షన్ చికిత్సకు, మనిషి వెంట వెళ్లేవారి చార్జీలకు కేటాయించండి. పేర్లు సంఘం బయటకు రానివ్వద్దు. సలహా కోసం 14446 అనే ఉచిత ప్రభుత్వ నంబరు ఉంది, దాన్ని మన నోటీసు బోర్డు మీద రాయిద్దాం. వచ్చే ఏడు ఆ అమ్మాయి తండ్రి ఈ సభలో మన మధ్య కూర్చోవాలని నా ఆశ.

సెలవు. ఖుదా హాఫిజ్.