రికార్డుకు వరుస సంఖ్య ఇవ్వడం ఎలా?



టేబుల్, రికార్డు, ఫీల్డు అంటే ఏమిటో మీకు తెలుసు. కొత్త రికార్డు చేరినప్పుడు దానికి సంఖ్య ఎలా ఇవ్వాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

మీ పాఠశాల అడ్మిషన్ రిజిస్టరును గుర్తు తెచ్చుకోండి. ఒకే తరగతిలో ఇద్దరు లక్ష్ములు ఉండవచ్చు. వారి తండ్రుల పేర్లు కూడా ఒకటే కావచ్చు. అడ్మిషన్ నంబరు మాత్రం ఎవరిది వారిదే. విద్యార్థి టి.సి. తీసుకుని వెళ్ళిపోయినా ఆ నంబరు మరొకరికి ఇవ్వరు. ఇలా ఒక రికార్డును తక్కినవాటి నుండి వేరుచేసి చూపే ఫీల్డును ప్రైమరీ కీ అంటారు. 1970లో రిలేషనల్ డేటాబేస్ నమూనాను ప్రతిపాదించిన ఇ.ఎఫ్. కాడ్ తన వ్యాసంలో ఈ మాటనే వాడారు.

మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఇందుకు ఆటోనంబర్ అనే ఫీల్డు రకం ఉంది. దీనిని ఎంచుకుంటే 1, 2, 3 అని యాక్సెస్ తానే సంఖ్యలు వేస్తుంది. మామూలుగా ఇది 4 బైట్ల పూర్ణసంఖ్య. 214 కోట్లు దాటి వెళ్ళగలదు. అయితే ఒక విషయం గమనించండి. 8వ రికార్డు టైపు చేయడం మొదలుపెట్టి, ఎస్కేప్ మీట నొక్కి మానుకున్నారనుకోండి. ఆ సంఖ్య ఖర్చయిపోయినట్లే. 7 తర్వాత 9 వస్తుంది. కీగా పనిచేయడానికి ఈ ఖాళీ అడ్డు కాదు. ఫీజు రసీదులకు మాత్రం ఇది చిక్కే. 8వ రసీదు ఏదని ఆడిటరు అడిగితే, ఏ తప్పూ చేయని గుమస్తా మీద అనుమానం పడుతుంది.

అందువల్ల రసీదు సంఖ్యను మనమే లెక్కకట్టాలి. డీమాక్స్ ఫంక్షన్ టేబుల్‌లోని అతి పెద్ద సంఖ్యను చెబుతుంది. దానికి 1 కలపాలి. టేబుల్ ఖాళీగా ఉంటే నల్ వస్తుంది. నల్‌కు 1 కలిపినా నల్లే కనుక, ముందుగా ఎన్‌జెడ్ ఫంక్షన్‌తో దానిని సున్నాగా మార్చుకోవాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది: రెండు కంప్యూటర్ల మీద ఇద్దరు గుమస్తాలు ఒకేసారి రసీదులు రాస్తున్నారనుకోండి. ఇద్దరికీ 120 పెద్ద సంఖ్యగా కనబడి, ఇద్దరికీ 121 వస్తుంది. అందుకే ఫారం తెరవగానే కాక, కొత్త రికార్డును సేవ్ చేసే ముందు, అంటే బిఫోర్ అప్‌డేట్ దశలో సంఖ్య వేయాలి. దీనితో ప్రమాదం తగ్గుతుంది కాని పూర్తిగా పోదు. ఆ ఫీల్డుకు డూప్లికేట్లను అనుమతించని ఇండెక్స్ కూడా పెట్టండి. రెండవ 121ని యాక్సెస్ తిరస్కరిస్తుంది. మళ్ళీ లెక్కకడితే 122 వస్తుంది.

రెండవది: చివరి రసీదు 121ని తొలగిస్తే, తర్వాతి రసీదుకూ 121 వస్తుంది. అప్పుడు ఇద్దరి చేతుల్లో ఒకే నంబరు రసీదులు ఉంటాయి! కనుక రసీదును ఎన్నడూ తొలగించకండి. 'రద్దు' అని గుర్తుపెట్టే ఫీల్డు ఒకటి చేర్చండి.

సారాంశం ఇది. టేబుళ్ళను కలపడానికి ఆటోనంబర్ వాడండి. మనుషులు చదివే రసీదు సంఖ్యకు వేరే ఫీల్డు ఉంచండి. మీ ప్రయోగశాలలో ఒక టేబుల్ తయారుచేసి, చివరి రికార్డును తొలగించి, రెండు పద్ధతుల్లోనూ తర్వాత ఏ సంఖ్య వస్తుందో స్వయంగా పరిశీలించండి.