ఆసుపత్రి వార్డులో సాయుధ కాపలా

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. వక్త సాయుధ రిజర్వు పోలీసు విభాగంలో రిజర్వు సబ్ ఇన్‌స్పెక్టరుగా పదవీ విరమణ చేశారు.)



మన సభ్యుల్లో పోలీసు శాఖ నుంచీ, సైన్యం నుంచీ వచ్చినవారు కొందరు ఇప్పుడు రాజమండ్రిలోనూ, కాకినాడలోనూ ప్రైవేటు ఆసుపత్రుల్లో సెక్యూరిటీ సూపర్‌వైజర్లుగా చేరుతున్నారు. పెన్షనుకు తోడు నాలుగు రాళ్ళు వస్తాయి, కాలక్షేపమూ అవుతుంది. వారికి పనికివచ్చేలా నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను 1978లో కానిస్టేబులుగా చేరి 2012లో రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్ళు ఖైదీ రోగుల గార్డులను తనిఖీ చేయడమే నా పని. తెలిసింది చెబుతాను. మీలో స్టాఫ్ నర్సులుగా చేసిన సోదరీమణులున్నారు. తప్పు చెబితే అక్కడే ఆపండి.

మన రాజమండ్రి సెంట్రల్ జైలు సంగతి అందరికీ తెలిసిందే. పూర్వం డచ్చివాళ్ళ కోట. 1864లో జైలయింది, 1870లో సెంట్రల్ జైలయింది. లోపల ఆసుపత్రి ఉన్నా, జబ్బు ముదిరితే ఖైదీని బయటి ప్రభుత్వాసుపత్రికి పంపక తప్పదు. జైలు డాక్టరు రాస్తారు, జైలు నుంచి ఎస్కార్టు కోసం పోలీసులకు కబురు వస్తుంది, ఒక హెడ్ కానిస్టేబులు, ముగ్గురో నలుగురో కానిస్టేబుళ్ళు ఆయుధాలతో వెళతారు. జైలుకు ఎత్తైన గోడలున్నాయి. ఆసుపత్రికి ఏమున్నాయి? పది తలుపులు, ఇరవై కిటికీలు, క్యారియర్లు పట్టుకుని వచ్చేపోయే వెయ్యిమంది జనం. అందరినీ ఆపలేం, ఎవరినీ ఆపకుండా ఉండలేం.

ఖైదీ తప్పించుకుంటే కాపలా ఉన్నవాడి మీద కేసు పెట్టవచ్చు. పాత శిక్షాస్మృతిలో 223వ సెక్షను. అజాగ్రత్త వల్ల తప్పించుకోనిస్తే రెండేళ్ళ వరకు జైలు. సస్పెన్షను దానికి ముందే వస్తుంది. మా కానిస్టేబుళ్ళకు ఈ సెక్షను నంబరు వాళ్ళ బెల్టు నంబరులాగా నోటికి వచ్చు. 1984 జనవరిలో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి నుంచి నక్సలైటు నాయకుడు కొండపల్లి సీతారామయ్య తప్పించుకుపోయాడు. అది రాష్ట్రమంతా మోగిపోయింది. 1987 డిసెంబరులో మన ఏజెన్సీలో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్. శంకరన్‌గారితో సహా ఐ.ఎ.ఎస్. అధికారులను కిడ్నాప్ చేశారు. ఆ రోజుల్లో ఆసుపత్రి గార్డు డ్యూటీ అంటే మా వాళ్ళకు ఒళ్ళు జలదరించేది.

భయపడినవాడు ఏం చేస్తాడు? తుపాకీ గట్టిగా పట్టుకుంటాడు, తాళం గట్టిగా వేస్తాడు. ఈ రెండింటివల్లా వార్డులో జరిగే మేలు తక్కువ. ఖైదీ పారిపోయేది తుపాకీ లేని చోటునుంచి కాదు, చూపు లేని చోటునుంచి. స్నానాలగది కిటికీ, ఎక్స్‌రే గది బయట బెంచీ, సెంట్రీ మారే ఆ రెండు నిమిషాలు, తెల్లవారుజాము మూడు నుంచి అయిదు. నేను తనిఖీకి వెళితే ముందు తుపాకీ చూసేవాణ్ణి కాదు. గార్డు పుస్తకంలో సంతకం పెట్టకముందే బాత్రూం ఊచలు చేత్తో ఊపి చూసేవాణ్ణి. తరువాత సెంట్రీ కళ్ళు చూసేవాణ్ణి. రెండు గంటలు నిలబడి నాలుగు గంటలు పడుకోవలసినవాడు, పడుకోవడానికి చోటులేక మెట్ల కింద కూర్చుని జాగారం చేసి వస్తే, వాడు నిలబడ్డా నిద్రపోతున్నట్టే లెక్క. తూటాలు లెక్క చూడడం ఎంత ముఖ్యమో, గార్డులో ఎవరు భోజనం చేశారు, ఎవరు చేయలేదు అని చూడడమూ అంత ముఖ్యం. ఇది మా ట్రయినింగు స్కూల్లో చెప్పలేదు.

ఇంకొక సంగతి మాకు నేర్పింది ఒక హెడ్ నర్సు. తొంభైల్లో ఎయిడ్సు పేరు వింటేనే జనం ఆమడ దూరం పరుగెత్తే రోజులు. అలాంటి రోగి ఒకడు వస్తే మా కుర్రాళ్ళు వార్డులోకి వెళ్ళమన్నారు. ఆవిడ వాళ్ళను వరసగా నిలబెట్టి, "మీరు భయపడవలసింది ఇతన్ని చూసి కాదండి. ఆ మూల దగ్గుతున్నాడే, టి.బి. పేషెంటు, ఆయన దగ్గర తలుపులు మూసుకుని కూర్చుంటున్నారు మీరు. ముందా కిటికీలు తెరవండి" అని చెప్పింది. ఆవేళ నుంచి మా సెంట్రీ గదిలో కాకుండా గుమ్మంలో, గాలి తగిలేచోట నిలబడ్డాడు. అక్కడినుంచి మంచమూ కనిపిస్తుంది, వరండా కూడా కనిపిస్తుంది. కాపలాకూ అదే మంచి చోటని అప్పుడు తెలిసింది.

ఇక బేడీల సంగతి. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో సుప్రీంకోర్టు మామూలుగా బేడీలు వేయడం కూడదన్నది. ఆ తీర్పు కృష్ణయ్యర్‌గారిది. 1995లో వచ్చిన అస్సాం కేసు సరిగ్గా మా ఉద్యోగం గురించినదే. గౌహతిలో ఒక ఆసుపత్రిలో ఖైదీలను, చుట్టూ పోలీసు కాపలా ఉండగానే, బేడీలు వేసి మంచాలకు కట్టి ఉంచారని పాత్రికేయుడు కులదీప్ నయ్యర్ కోర్టుకు ఉత్తరం రాశారు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా బేడీలు వేసే అధికారం పోలీసులకు గాని, జైలువారికి గాని లేదని కోర్టు తేల్చింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహితలో కొన్ని తీవ్రమైన నేరాలకు అరెస్టు చేసేటప్పుడూ, కోర్టుకు తీసుకువెళ్ళేటప్పుడూ బేడీలు వేయవచ్చని రాశారు. అందులో ఆసుపత్రి మంచం మాట లేదు. ఈ తేడా మన శాఖలో పిల్లలు పనిచేస్తున్నవారు ఇంటికి వెళ్ళి వాళ్ళకు చెప్పండి.

ఆ అస్సాం తీర్పు వచ్చిన మరుసటి సంవత్సరమే గాలివాన వచ్చింది. 1996 నవంబరు 6. కోనసీమవారికి ఆ తేదీ చెప్పనక్కరలేదు. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆనాటికి నేను ఏ.ఆర్.ఎస్.ఐ.ని. సాయంత్రం ఒక ప్రభుత్వాసుపత్రిలో గార్డు తనిఖీకి వెళ్ళి, బస్సులు ఆగిపోయి అక్కడే చిక్కుకుపోయాను. ఖైదీల గదిలో నలుగురు. ఇద్దరికి గొలుసు వేసి ఉంది. గొలుసు రెండో కొస కిటికీ ఊచకు. మేజిస్ట్రేటు ఉత్తర్వు ఒకడికే ఉంది, హత్య కేసు. రెండోవాడు దొంగతనం కేసు, వాడికి ఏ కాగితమూ లేదు.

రాత్రి కరెంటు పోయింది. కాసేపటికి కిటికీ రెక్కలు రెండూ ఊడి లోపల పడ్డాయి. వాన మంచాలమీద కొడుతోంది, అద్దం పెంకులు దుప్పట్లమీద. డ్యూటీ సిస్టరు టార్చిలైటుతో వచ్చి, "వీళ్ళను లోపలి నడవలోకి మార్చాలండి, ఈ గోడ కూడా నమ్మకం లేదు" అంది. తాళంచెవి హెడ్ కానిస్టేబులు మొలలో ఉంది. నాకంటే వయసులో పెద్దవాడు, రిటైర్‌మెంటు రెండేళ్ళుంది. "సార్, కాగితం ఉన్నవాడి గొలుసు మనం తీయకూడదండి. చీకట్లో వాడు పోతే మీకూ నాకూ పెన్షనుండదండి" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఫోను పనిచేయడం లేదు, అడగడానికి పైన ఎవరూ లేరు.

డ్యూటీ డాక్టరుగారిని పిలిపించాను. ప్రాణరక్షణకు రోగులను కదల్చడం అవసరమని ఆయన టార్చి వెలుతురులో గార్డు పుస్తకంలోనే రెండు వాక్యాలు రాసి సంతకం చేశారు. దాని కింద నేను సంతకం పెట్టి, టైము వేసి, తాళంచెవి అడిగి తీసుకుని ఇద్దరి గొలుసులూ నా చేత్తో విప్పాను. తరువాత రైఫిళ్ళలో తూటాలు తీయించి, లెక్కపెట్టి పౌచుల్లో పెట్టించాను. దీనికి మాత్రం మా హెడ్డు బిత్తరపోయాడు. నడవలో వందమంది రోగులు, బాలింతలు, పసిపిల్లలు, చీకటి. అక్కడ కాల్చే ప్రశ్నే లేదు. కాల్చలేని తుపాకీలో తూటా ఉంటే అది మనకే ప్రమాదం. నడవకు రెండు కొసలా ఇద్దరిని నిలబెట్టి, మూడోవాణ్ణి నలుగురి మధ్య కూర్చోబెట్టాను. అరగంటకోసారి పేరు పెట్టి పిలవడం, వాళ్ళు పలకడం. అంతే మా కాపలా.

సినిమాలో అయితే ఆ హత్య కేసువాడు ఎవరినో కాపాడేవాడు. అతను ఏమీ చేయలేదు. గోడకు ఆనుకుని రాత్రంతా దగ్గుతూ కూర్చున్నాడు. దొంగతనం కేసువాడు మాత్రం, సెలైను స్టాండు విరిగిపోతే, ఒక పసిపిల్లవాడి సీసా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి మార్చుకుంటూ, "సిస్టరమ్మగోరూ, బుడగలొస్తన్నాయండి" అని పిలుస్తూ. తెల్లారేసరికి నలుగురూ ఉన్నారు. పొద్దున్న నుంచి ఊళ్ళలోని క్షతగాత్రులను, శవాలను తేవడం మొదలైంది. దాని గురించి ఇక్కడ చెప్పను.

పది రోజుల తరువాత నాకు మెమో వచ్చింది. ఎవరి ఉత్తర్వు మీద గొలుసులు విప్పారు, ఆయుధాలు ఎందుకు ఖాళీ చేయించారు అని. గార్డు పుస్తకంలో ఆ పేజీ నకలు జతచేసి, 1995 తీర్పు ఉదహరించి, అర ఠావు సమాధానం రాశాను. దానిమీద మళ్ళీ ఏ కాగితమూ రాలేదు. నా సర్వీసు రిజిస్టరులో ఆ రాత్రికి శిక్షా లేదు, మెచ్చుకోలూ లేదు. హెడ్డుగారు మాత్రం రెండేళ్ళకు సుఖంగా రిటైరయి, పెన్షను చేతికి వచ్చిన రోజున మా ఇంటికి పూతరేకులు పట్టుకొచ్చాడు.

ఇప్పుడు ప్రైవేటు ఆసుపత్రుల్లో చేరినవారికి. మీకు ఖైదీలు ఉండరు. మీకు వచ్చే గొడవ క్యాజువాల్టీలో. మోటారుసైకిలు ప్రమాదంలో కుర్రవాడు పోతాడు, ముప్పైమంది బంధువులు డాక్టరుమీద పడతారు. మేం పై అంతస్తులో గార్డు ఉండగా అలాంటిది ఒకసారి జరిగింది. సెంట్రీని కదలనివ్వలేదు. ఔట్‌పోస్టుకు ఫోను చేయించి, ఇద్దరిని తుపాకులు లేకుండా లాఠీలతో కిందికి పంపాను. వాళ్ళ పని ఎవరినీ కొట్టడం కాదు. డాక్టరుకూ జనానికీ మధ్య నిలబడి, ఆయన్ను వెనక తలుపునుంచి తీసుకుపోవడం. జనం మధ్యలోకి తుపాకీ తీసుకువెళితే, దాన్ని లాక్కోకుండా చూసుకోవడమే పనైపోతుంది, డాక్టరు సంగతి ఎవరూ చూడరు.

మన రాష్ట్రంలో 2008లోనే వైద్య సిబ్బందిమీద దాడులకు ప్రత్యేక చట్టం వచ్చింది. మూడేళ్ళ వరకు జైలు, యాభై వేల వరకు జరిమానా, బెయిలు హక్కుగా దొరకదు. కరోనా ఏడు 2020లో కేంద్రం ఇంకా గట్టి శిక్షలు పెట్టింది. 2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్.జి. కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయిని అత్యాచారం చేసి చంపారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళాక అక్కడ సి.ఐ.ఎస్.ఎఫ్. సాయుధ బలగాలను దింపారు. అప్పటినుంచి మన దగ్గర కూడా గేటు దగ్గర తుపాకీ ఉంటే చాలుననే మాట వింటున్నాను. నాకు నమ్మకం లేదు. ఆ అమ్మాయి ప్రాణం పోయింది గేటు దగ్గర కాదు, లోపల సెమినారు హాల్లో. డ్యూటీలో ఉన్నవాళ్ళు అలసిపోతే తలవాల్చడానికి తలుపు గడియ పడే గది ఉందా, వరండాలో దీపం వెలుగుతోందా, రాత్రి రెండు గంటలకు ఆ వైపు ఒక మనిషి తిరుగుతున్నాడా, ఇవి చూడండి.

తుపాకీ లైసెన్సున్నవారు ఒకటి గుర్తుంచుకోండి. ఎం.ఆర్.ఐ. గది గుమ్మం దాటి తుపాకీతో వెళ్ళకండి. ఆ అయస్కాంతం స్కానింగు లేనప్పుడు కూడా పనిచేస్తూనే ఉంటుంది. 2023లో బ్రెజిల్ దేశంలో తల్లికి తోడుగా వెళ్ళిన ఒకాయన నడుములో దాచుకున్న తుపాకీ అక్కడ పేలి ఆయన ప్రాణమే తీసింది.

చివరగా ఒక పని ఉంది. 2023లో రాజమండ్రిలోనూ, ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆసుపత్రులకు ఎక్కడ కొత్త కట్టడాలు కట్టినా, కాపలా సిబ్బందికి ఒక విశ్రాంతి గది, పక్కనే మరుగుదొడ్డి, మహిళా కానిస్టేబుళ్ళకు విడిగా ఇంకొకటి ప్లానులోనే చేర్చమని ఒక వినతిపత్రం తయారుచేశాను. మా కాలంలో మెట్ల కిందే పడుకున్నాం. ఇప్పుడా డ్యూటీలో ఆడపిల్లలున్నారు. కాగితం కోశాధికారిగారి బల్లమీద ఉంది. భోజనాలకు లేచేముందు సంతకాలు చేయండి. పి.పి.ఓ. నంబరు రాయనక్కరలేదు, పేరూ ఊరూ చాలు.