మందు పడకపోతే రిపోర్టు రాయండి

ఈ ధౌలా కువాన్ సభలో నాకిచ్చింది అయిదు నిమిషాలు. అందుకని ఒక్క విషయమే చెప్తాను.

పెన్షన్ వచ్చాక మోకాలి నొప్పికి మాత్రలు వేసుకున్నాను. మూడో రోజు పెదాలు వాచాయి, ఒళ్ళంతా దద్దుర్లు. మా ఆవిడ హాస్పిటల్‌కి పరుగెత్తించింది. డాక్టరు గారు ఇంజక్షన్ చేసి, "ఏ మందు వేసుకున్నారు, సాబ్?" అన్నారు. స్ట్రిప్పు చెత్తబుట్టలో పారేశాను! ఫైరింగ్ రేంజిలో రౌండ్ మిస్‌ఫైర్ అయితే లాట్ నంబరు రాయకుండా ఎప్పుడైనా వదిలామా? మందుకీ బ్యాచ్ నంబరుంటుందని నాకు తోచనే లేదు. చివరికి షాపు చీటీ వెతికితే పేరు దొరికింది, ఐబుప్రొఫెన్.

ఇలాంటివి నమోదు చెయ్యడానికి 2010 నుంచి మన దేశంలో ఒక కార్యక్రమం ఉంది. మొదట ఎయిమ్స్‌లో నడిచింది, 2011 నుంచి ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చూస్తోంది. డాక్టరే రాయాలని లేదు, మనమూ రాయొచ్చు. తెలుగు ఫారం కూడా ఉంది. ఫోనైతే 1800 180 3024, డబ్బులు పడవు. మందే కారణమని రుజువు చూపక్కర్లేదు, అనుమానం చాలు. ఇది డాక్టరు గారి మీద కంప్లైంటు కాదు, మొహమాటపడకండి. అయితే ఊపిరి ఆడకపోతే ముందు హాస్పిటల్, ఫారం తర్వాత.

మనవాళ్ళకి సిక్ రిపోర్టంటేనే నామోషీ కదా! నేనూ అంతే. బ్యాచ్ నంబరు లేకుండానే రాసి పంపాను. ఆ మందు పేరు రాసిన చీటీ ఇప్పుడు నా పర్సులో ఉంటుంది, ఇంకొకటి మా ఆవిడ దగ్గర.