తోడు కావాలి, నీడ మనదే కావాలి



"చదువైపోయింది, ఇక సంబంధాలు చూడాలి" అనే మాట ఈ సాయంత్రమే, పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు అమ్మాయిల చెవిన పడుతుంది. అనేది పరాయివాళ్ళు కారు, ఇన్నాళ్ళూ మీ ఫీజులు కట్టినవాళ్ళే. వాళ్ళకు ఎదురు చెప్పడం అందుకే అంత కష్టం.

అలా ఎదురు చెప్పగలిగినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఒకరు. 1909లో రాజమండ్రిలో పుట్టిన ఆమెకు ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఈడొచ్చాక ఆమె కాపురానికి వెళ్ళనన్నారు. తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళి వచ్చాక చదువు బాట పట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ళకు హాస్టల్ లేదంటే, పత్రికలో ప్రకటన వేయించి తోటి అమ్మాయిలను కూడగట్టారు. మద్రాసులో లాయరయ్యారు, రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో, 43 ఏళ్ళ వయసులో, నాటి ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను కోరి పెళ్ళాడారు. సాక్షిగా సంతకం చేసినవారిలో ప్రధాని నెహ్రూ ఒకరు. అప్పటికి ఆమెకు ఎవరి నీడా అక్కర్లేదు. కాబట్టే తోడును నింపాదిగా ఎంచుకోగలిగారు.

అలా ఎంచుకునే హక్కు మీకూ ఉంది. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే పెళ్ళికి ఇంటివాళ్ళ, కులపెద్దల అనుమతి అవసరం లేదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్ళికి 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఇంట్లో వద్దంటే ఆ నెలంతా ఎక్కడుంటారు, ఏం తింటారు? ప్రేమకు జీతం అవసరమయ్యేది అక్కడే. అందుకే సర్టిఫికెట్లు, ఆధార్, ఏటీఎం కార్డు మీ దగ్గరే ఉంచుకోండి. మొదటి జీతం మీ ఖాతాలోనే పడాలి. ప్రేమిస్తున్నానంటూ ఫోన్ పాస్‌వర్డ్ అడిగేవాడు, ఉద్యోగం మానెయ్యమనేవాడు ఎదురైతే కాపలాదారు మారాడంతేనని గ్రహించండి.

అబ్బాయిలూ, ఈ పట్టా చూపించి మీకు రేటు కడుతుంటే నోరు మెదపకుండా కూర్చోవద్దు. కట్నం 1961 నుంచీ నేరమే.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. అమ్మాయి సంబంధం వద్దంటే "ఎవడు వాడు?" అని నిలదీయకండి, తనకేం కావాలో అడగండి. దాదాపు నూరేళ్ళ కిందటే దుర్గాబాయి గారి తండ్రి కూతురి మాటకు విలువిచ్చారు. మనం ఆయనకన్నా వెనకబడితే ఎలా?

పట్టభద్రులకు అభినందనలు. నచ్చిన పని చేయండి. నచ్చిన మనిషి దొరికితే కలిసి నడవండి, దొరికేదాకా ధైర్యంగా ఒంటరిగానే నడవండి.