ఈనిన ఆవు - తొలి మూడు వారములు

కోరుకొండలో, నరసింహస్వామి కొండ క్రింద, ఒక పాడి కుటుంబమున్నదని అనుకొందము. వేకువజామున ఆవు ఈనినది. దూడ లేచి నిలిచి పొదుగు వెదకికొనుచున్నది. ఇంటిల్లిపాది జున్నుపాలకై ఎదురుచూచుచున్నారు. కాని మధ్యాహ్నమైనను మాయ పడలేదు. తోక క్రింద వ్రేలాడుచునే యున్నది. ఇరుగుపొరుగువారు చేరిరి. చేయి పెట్టి లాగివేయుమని ఒకరు, రాయి కట్టుమని మరియొకరు సలహా చెప్పుచున్నారు. ఈ సమయమున ఆ యింటివారు చేయు పనిని బట్టియే ఆ ఆవు మరల చూలు కట్టుట చాలవరకు నిర్ణయమగును.

ఈనిన పిమ్మట గర్భకోశములోనికి సూక్ష్మజీవులు చేరుట వింత కాదు. ఈనునప్పుడు గర్భద్వారము విశాలముగా తెరచుకొనును. నేలమీది పేడలోను, పశువు మేనిమీది మురికిలోను ఉండు బాక్టీరియా ఆ దారిని లోనికి పోవును. తొలి రెండు వారములలో పరీక్షించినచో ఇంచుమించు ప్రతి ఆవునందును అవి కనిపించును. అయినను వానిలో అధికభాగము రోగము పాలు కావు. గర్భకోశము దినదినము ముడుచుకొనుచు మైలను వెలికి నెట్టును. రక్తములోని తెల్లకణములు క్రిములను మ్రింగివేయును. మూడు నాలుగు వారములలో లోపల శుభ్రపడును. కనుక తొలి దినములలో దుర్వాసన లేని మైల వెలువడినచో భయపడ నక్కరలేదు.

ఈ స్వయంరక్షణ తప్పినప్పుడే రోగము. పేడలో నివసించు ఎషెరీషియా కోలై అను క్రిమి తొలుత ప్రవేశించి గర్భకోశపు లోపొరను గాయపరచును. వెనుకనే ట్రూపెరెల్లా పయోజెనిస్ అనునది, గాలి సోకనిచోట పెరుగు ఫ్యూసోబాక్టీరియం వంటి క్రిములతో కూడి చీము పుట్టించును. ట్రూపెరెల్లా విడుచు పయోలైసిన్ అను విషము కణములకు రంధ్రములు పొడిచి చంపును. కాన్పు కష్టమైనను, కవలలు పుట్టినను, చచ్చిన దూడ పుట్టినను, మాయ నిలిచినను ఈ ప్రమాదము హెచ్చు. ఈనిన తరువాత పాలిచ్చుటకు తగిన మేత అందని ఆవునకు తెల్లకణముల శక్తియు సన్నగిల్లును.

మాయ సాధారణముగా 12 గంటలలోపల పడును. 24 గంటలు దాటినచో నిలిచినదని ఎంచవలెను. అది గర్భకోశములోని గుబ్బలను బొత్తాముల వలె పట్టుకొని యుండును. లాగినచో ఆ గుబ్బలు చిరుగును, ముక్కలు లోపల మిగులును, చేతి మురికి లోతునకు చేరును. పూర్వము పశువైద్యులును చేతితో తీయుచుండిరి. నేటి శాస్త్రము ఆ పద్ధతిని ప్రోత్సహించుట లేదు.

1847లో వియన్నా నగరపు ప్రసూతిశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యుల చేతులే బాలింతలకు ప్రాణాంతకమైన జ్వరమును తెచ్చుచున్నవని గ్రహించెను. క్లోరిన్ కలిగిన సున్నపు నీటితో చేతులు కడిగించగా మరణములు మిక్కిలి తగ్గినవి. ఆ పాఠము మన పశువుల సావిడికిని వర్తించును.

రోగమును గుర్తించుట కష్టము కాదు. ఈనిన 21 దినములలోపల పలుచని, ఎర్రని గోధుమరంగు నీరు దుర్వాసనతో కారుట, జ్వరము 103 డిగ్రీలు దాటుట, మేత మానుట, పాలు తగ్గుట - ఈ గుర్తులు కనిపించిన నాడే పశువైద్యునికి చూపవలెను. ఇంతకంటె మోసకరమైనది మరియొకటి కలదు. మూడు వారములు గడచిన పిమ్మట జ్వరముండదు, ఆవు మేయుచునే యుండును. కాని పడుకొని లేచినప్పుడు తోకకు తెల్లని చీము అంటియుండును. అట్టి ఆవు ఎదకు వచ్చినను చూలు నిలువదు. గొడ్డుపోయినదని సంతకు తోలుదురు. అట్టివానిలో పెక్కింటికి చికిత్స కలదు.

ఇక ఆ కోరుకొండ యింటివారు చేయవలసినది చెప్పెదను. మాయను లాగరాదు, బరువు కట్టరాదు, లోపల మందునీరు పోయరాదు. పొడినేలపై ఎండుగడ్డి పరచి, ఆవునకు మంచి మేతయు నీరును ఈయవలెను. ఉదయము, సాయంత్రము జ్వరము చూడవలెను. 24 గంటలు దాటినను, ఆవు నలతగా ఉన్నను పశువైద్యశాలకు కబురు చేయవలెను. 1962 అను సంఖ్యకు ఫోను చేసినచో సంచార వైద్యవాహనము సహాయము లభించును. వైద్యుడు ఇచ్చిన మందు పనిచేయు కాలములో, ఆయన చెప్పిన దినముల వరకు ఆ పాలు త్రాగరాదు, అమ్మరాదు. పడిన మాయను ఒట్టి చేతులతో తాకక, కుక్కలకు అందనంత లోతుగా పాతిపెట్టవలెను. దానినుండి బ్రూసెల్లా వంటి క్రిములు మనుష్యులకును సోకవచ్చును.

మన గోదావరి గేదెలకును ఈ జాగ్రత్తలే వర్తించును. ఈనిన గేదెను కొన్నాళ్లు బురదమడుగున దింపరాదు. సబ్బుతో కడిగిన చేయి, పొడిగా ఉన్న సావిడి, వేళకు వచ్చిన వైద్యుడు - ఈ మూడును ఉన్న యింట వచ్చే యేడు మరియొక దూడను చూచు ఆశ నిలిచియుండును.